డబుల్ నేలసంపంగి: మళ్లీ రెండు కాడలు మాడిపోయాయి

నిన్న సాయంత్రానికి తేలిపోయింది. మూడో కుండీలో కాడ 38 సెంటీమీటర్ల దగ్గర ఆగి ఆరు రోజులైంది, ఇక పెరగదు. పక్క కుండీలోది 41 దగ్గరే నిలిచింది. రెండింటికీ కాడ పైభాగం గరుకుగా, గీకినట్టు ఉంది. మొగ్గల కింది చిన్న ఆకుల మీద తుప్పు రంగు చారలు. అడుగు మొగ్గలు గోధుమ రంగుకి తిరిగి ఒకదానికొకటి అతుక్కుపోయాయి, ముట్టుకుంటే పొడిగా విరుగుతున్నాయి. పోయినసారి చూసిందే మళ్లీ చూస్తున్నాను. దుంపల్ని వేడినీళ్లలో ముంచి శుద్ధి చేశాక కూడా ఇలా అయ్యేసరికి చాలా బాధేసింది.

మిగతావన్నీ బాగానే ఉన్నాయి. ఒకే వరస రేకులుండే సింగిల్ రకం ప్రజ్వల్ నాలుగు కుండీల్లోనూ పూసింది, మొగ్గ కొసన ఆ లేత గులాబీ ఛాయ ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. స్పైడర్ లిల్లీ రెండో విడత పూస్తోంది.

రేకులు ఎక్కువ వరసల్లో ఉండే డబుల్ సంగతి మొదటి నుంచీ చెప్తాను. పోయిన సీజన్‌లో ఎనిమిది కుండీల్లో 24 దుంపలు పెట్టాను, అన్నీ 2.5 నుంచి 3.5 సెంటీమీటర్ల మందం ఉన్నవే. 19 కాడలు వచ్చాయి. వాటిలో ఐదు మాత్రమే 80 సెంటీమీటర్లు దాటి పూర్తిగా విచ్చుకున్నాయి. 14 కాడలు 30 నుంచి 45 మధ్య ఆగిపోయాయి. ఒక కాడకి 26 మొగ్గలు లెక్కపెట్టాను, ఒక్కటీ విచ్చలేదు.

ముందు తామర పురుగుల్ని (రసం పీల్చే సన్నటి పురుగులు, థ్రిప్స్) అనుమానించాను. తెల్ల కాగితం పరిచి పది కాడలు తట్టి చూస్తే మొత్తం మీద రెండే రాలాయి, ఇంత నష్టానికి రెండు పురుగులు చాలవు. తర్వాత బోరాన్ లోపమేమో అనుకుని మూడు కుండీలకి రెండుసార్లు పిచికారీ చేశాను. ఏ తేడా లేదు. పువ్వుకి ఏ ఇబ్బంది వచ్చినా ముందు బోరాన్ కొట్టమనే సలహా మీద నాకు నమ్మకం పోయింది.

నోట్‌బుక్ తిరగేస్తుంటే అసలు విషయం దొరికింది. బాగా పూసిన ఐదు కాడలూ రెండు కుండీల్లోవే, ఆ రెండూ చూరు కింద ఉన్నవే. వాటి మీద వాన పడదు, పైపు నీళ్లూ పడవు, మగ్గుతో మొక్క మొదలు దగ్గరే పోస్తాను. మాడిన మొగ్గని సన్నగా చీల్చి గిన్నెలో నీళ్లలో రెండు గంటలు ఉంచి, ఆ నీటి చుక్కని చిన్న మైక్రోస్కోప్ కింద పెట్టాను. సన్నటి దారాల్లా మెలికలు తిరుగుతూ కనిపించాయి. నులిపురుగులు! పొడవు మిల్లీమీటరులో సగానికి కాస్త ఎక్కువ. ఈ లక్షణాలన్నీ కలిపి చూస్తే ఇది అఫెలెంకాయిడిస్ బెస్సెయీ అనే నా అంచనా. వరిలో ఆకు కొస తెల్లబడేది కూడా ఈ పురుగు వల్లే. వేళ్ల మీద బుడిపెలు కట్టే నులిపురుగు వేరు, ఇది పైన ఆకుల్లో, మొగ్గల్లో ఉంటుంది. తడి పొర దొరికితే దాని మీదుగా కాడ ఎక్కేస్తుంది, ఎండిపోతే చావకుండా నిద్రలోకి పోతుంది. ఎండిన పాత కాడల్ని నేను కుండీలోనే కత్తిరించి మట్టి మీద మల్చింగ్‌గా, అంటే కప్పుగా వేశాను. అంటే పురుగుని దాచి పెట్టింది నేనే.

అందుకే ఈసారి వేడినీళ్లు. ఒకసారి పూసిన దుంప మళ్లీ పూయదు కాబట్టి పక్క పిలకల్లోంచి పెద్దవి 12 ఏరాను. ముందు 12 గంటలు మామూలు నీళ్లలో నానబెట్టాను. నిద్రలో ఉన్న పురుగు వేడిని తట్టుకుంటుంది, నానితే మేలుకుంటుంది. తర్వాత ఐస్ బాక్సులో 50 డిగ్రీల నీళ్లలో 30 నిమిషాలు అనుకున్నాను. పన్నెండో నిమిషానికే 46కి పడిపోయింది. మరిగే నీళ్లు పోస్తే ఒక మూల 54కి ఎగబాకింది. నాలుగు దుంపలు కుళ్లాయి, అవి ఆ మూలవే అయ్యుంటాయి. మిగిలిన ఎనిమిదీ తొమ్మిది రోజులు ఆలస్యంగా మొలిచాయి. ఆరు కాడలు వేశాయి. నాలుగు పూశాయి, 78 నుంచి 86 సెంటీమీటర్ల మధ్య. వాసన ఇంట్లోకి వచ్చింది. మిగతా రెండు ఇవే.

ఆ రెండూ ఎందుకు పోయాయో రెండు ఊహలున్నాయి. అవి అన్నిటికంటే పెద్ద దుంపలు, 4 సెంటీమీటర్లవి. లోపలి దాకా వేడి చేరేలోపే నీళ్లు చల్లారి ఉండొచ్చు. రెండోది నా తప్పు: పాత మట్టినే ఎండబెట్టి తిరిగి వాడాను, అందులో పాత కాడల ముక్కలున్నాయి. నా మనసు రెండోదాని వైపే మొగ్గుతోంది, ఎందుకంటే పూసిన నాలుగింటిలో మూడు కొత్త మట్టిలో ఉన్నవే. కొబ్బరి పొట్టు ఎక్కువున్న రెడీమేడ్ మిశ్రమం ఇక వాడను, పైన ఎప్పుడూ తడిగా ఉంటుంది. ఎర్రమట్టి, ఇసుక, పశువుల ఎరువు సమానంగా కలుపుకుంటే నేలసంపంగికి అదే మేలు. వృక్షశాస్త్రంలో ఇప్పుడు దీన్ని కిత్తలి జాతి అని పిలిచే అగేవ్‌లోనే కలిపేశారు, దాని స్వభావానికి తగ్గట్టు నీరు ఆగని మట్టే ఇవ్వాలి.

వచ్చేసారి నీళ్లు ఎక్కువ పోసేలా పెద్ద పాత్ర, లోపల తిప్పడానికి చిన్న ఆక్వేరియం పంపు, దుంపకి గుచ్చే డిజిటల్ థర్మామీటర్ పెడతాను. దుంపల్ని 3 సెంటీమీటర్ల లోపు, అంతకంటే పెద్దవి అని రెండు గుంపులు చేసి విడిగా ముంచుతాను. పాత మట్టిని పారదర్శక ప్లాస్టిక్ కింద ఎండాకాలం ఆరు వారాలు ఉంచుతాను. మాడిన కాడల్ని ఈరోజే కోసి కాల్చేశాను. ప్రజ్వల్ కుండీలు ఇన్నాళ్లూ చూరు కిందే ఉన్నాయి కాబట్టి ఈ పురుగు సింగిల్‌ని వదిలేసిందని అనుకోవడానికి లేదు, వాటిలో ఒకదాన్ని బయట పెట్టి చూడాలా వద్దా అని రెండు రోజులుగా ఆలోచిస్తున్నాను. యూకారిస్ లిల్లీ దుంపలు కూడా తెచ్చుకోవాలని ఉంది, కానీ ఈ పురుగు సంగతి తేలేదాకా కొత్తవేవీ ఆ వరసలో పెట్టను.