పిట్టగోడ మీద సగం విరిగిన అంకె

హైదరాబాద్ నారాయణగూడలోని మా ఇల్లు చూడటానికి గొప్పగా ఏమీ ఉండదు. మూడు వందల గజాల జాగా, మూడు అర్రలు, ముందు వరండా, వెనక వంటర్ర, మూలన పూడ్చేసిన బావి. వరండా మీది పిట్టగోడ మాత్రం రెండు వైపుల నుంచి మెట్లు మెట్లుగా లేచి మధ్యలో కలుస్తుంది. ఆ కలిసిన చోట సున్నంతో ఉబ్బెత్తుగా తీర్చిన నాలుగు ఉర్దూ అంకెలు ఉన్నాయి. మొదటి మూడు స్పష్టంగా కనిపిస్తాయి: ఒకటి, మూడు, నాలుగు. చివరి దానిలో పైసగం ఎప్పుడో రాలిపోయి, కింద నిలువు కాడ ఒక్కటే మిగిలింది.

ఉర్దూ అంకెలు కదా, అది హిజ్రీ సంవత్సరమే అని మా ఇంట్లో అందరూ అనుకునేవాళ్లు. ఆ లెక్కన ఇల్లు 1920ల నడిమధ్యలో కట్టినట్టు. మా బాపు చివరిదాకా అదే నమ్మారు, వచ్చినవాళ్లకు అదే చెప్పారు. నిరుడు గోడల రిపేరు మొదలుపెట్టినప్పుడు, ఆ విరిగిన అంకెను ఏం చేయాలని మేస్త్రీ అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. అరవై ఏళ్లుగా చూస్తున్న అంకె ఏమిటో నాకు తెలియదన్న సంగతి ఆ రోజే తట్టింది, రాత్రి సరిగా నిద్ర పట్టలేదు.

బాపు సందూకులో జాగా కాగితం ఉంది. ఉర్దూలో రాసింది, నాకు చదవడం రాదు. మా గల్లీలోనే ఉండే రిటైరైన ఉర్దూ సారు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన కళ్లద్దాలు సర్దుకుని మెల్లగా చదివి, "అమ్మా, ఇది ఖుర్దాద్ 1342. ఖుర్దాద్ హిజ్రీ నెల కాదు, ఫస్లీ నెల" అన్నారు. నిజాం సర్కారు దఫ్తర్లన్నీ ఫస్లీ లెక్క మీదే నడిచేవి. అక్టోబరులో ఆజుర్ నెలతో సంవత్సరం మొదలవుతుంది. ఫస్లీకి 590 కలిపితే ఆ ఆజుర్ ఏ ఇంగ్లీషు సంవత్సరంలో పడిందో తెలుస్తుంది. ఖుర్దాద్ ఏడో నెల. అంటే మా తాత ఈ జాగా కొన్నది 1933 ఎండాకాలంలో. ఒక్క నెల పేరుతో మా ఇల్లు దాదాపు పదేళ్లు చిన్నదైపోయింది.

ఇక ఆఖరి అంకె. ఉర్దూలో రెండు, మూడు, నాలుగు దాదాపు ఒకే తీరుగా ఉంటాయి, పైభాగంలోనే తేడా. మా దాంట్లో సరిగ్గా ఆ పైభాగమే పోయింది. దాన్ని తేల్చింది మా పెద్దత్తయ్య చెప్పిన మాటలు. ఆమె పోయి చాలా ఏళ్లయింది గానీ, ఈ ఇంట్లో మొదటి రాత్రి గురించి ఎన్నోసార్లు చెప్పేది. "కార్తీకంల వచ్చినం. ఇంక కరెంటు రాలె. గూళ్లల్ల దీపాలు పెట్టినం, అన్ని గూళ్లల్ల. ఆ వచ్చే శ్రావణంల మీ బాపు పుట్టిండు." బాపు బడి సర్టిఫికెట్‌లో ఆగస్టు 1935 అని ఉంది. అంటే వాళ్లు గృహప్రవేశం చేసింది 1934 కార్తీకంలో. అప్పటికి ఆజుర్ దాటి ఫస్లీ 1344 వచ్చేసింది. విరిగిన అంకె నాలుగు.

అత్తయ్య చెప్పిన గూళ్లు ఇప్పటికీ ఉన్నాయి, లెక్కపెడితే పదకొండు. గోడ అడుగున్నర మందం కాబట్టే అంత లోతైన గూళ్లు కుదిరాయి. తలుపు పక్కన చిన్నది దీపానికి, వంటర్రలో వెడల్పుది పోపుల డబ్బాలకు, నడిమి అర్రలో కమానుతో ఉన్నది దేవుడికి. అప్పట్లో ఇంట్లో బీరువా లేదు. గోడే బీరువా.

మా తాత నిజాం తామీరాత్‌లో, అంటే ఇప్పటి ఆర్ అండ్ బి లాంటి శాఖలో, అహల్కారు, అంటే గుమాస్తా. అంతకుముందు వాళ్ల కుటుంబం అఫ్జల్‌గంజ్ పక్క గల్లీలో కిరాయికి ఉండేది. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగినప్పుడు తాత చిన్న పిల్లాడు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి దాదాపు నూట యాభై మంది ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారే, ఆ వరదే. మూడేళ్లకు ప్లేగు వచ్చింది. గాలీ వెలుతురూ లేని గల్లీల్లోంచి జనం ఇళ్లు వదిలి ఊరి బయట గుడిసెల్లో ఉన్నారు. ఆ రెండు దెబ్బల తర్వాతే 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పుట్టింది. ఉర్దూలో ఆరాయిష్ బల్దా. ఇరుకు బస్తీలు తీసేసి నాంపల్లి, మల్లేపల్లి లాంటి చోట్ల వెడల్పు రోడ్లు, మురుగు కాలువలు, చిన్న జీతగాళ్లకు కిరాయి ఇళ్లు కట్టింది. మోజంజాహీ మార్కెట్ కూడా ఆ బోర్డు పనే, 1935లో. మా పిట్టగోడ మీద సున్నం ఆరుతున్నప్పుడే అక్కడ రాళ్లు ఎక్కుతుండేవి.

మా ఇల్లు బోర్డు కట్టింది కాదు. తాత సొంతంగా కట్టించుకున్నాడు. కానీ దఫ్తరులో రోజూ ఆ ప్లాన్లు చూసిన మనిషి కట్టించుకున్న ఇల్లని తెలిసిపోతుంది. నాలుగు వైపులా ఖాళీ జాగా వదిలాడు. ప్రతి అర్రకూ రెండు వైపుల కిటికీలు. పదమూడు అడుగుల ఎత్తు, పైన కప్పు దగ్గర రోషన్‌దాన్‌లు. వేడిగాలి పైకి పోయి వాటిలోంచి బయటపడుతుంది, కింద వరండా నుంచి చల్లగాలి లోపలికి వస్తుంది. ప్లేగు చూసిన ఇంట్లో పుట్టి పెరిగినవాడికి గాలి అంటే మందు. రోహిణి కార్తెలో మధ్యాహ్నం దాకా నడిమి అర్రలో ఫ్యాన్ ఒకటో నంబరు మీద చాలు. సాయంత్రం మాత్రం గోడలు పీల్చుకున్న ఎండంతా లోపలికి వదులుతాయి. అందుకే మా చిన్నప్పుడు అందరం డాబా మీదే పడుకునేవాళ్లం.

ఆ డాబా గురించి ఎంత చెప్పినా తక్కువే. ఇనుప దూలాలు వరుసగా వేసి, దూలానికీ దూలానికీ మధ్య ఇటుకలతో చిన్న చిన్న కమాన్లు కట్టారు. పడుకుని పైకి చూస్తే అలలు అలలుగా కనిపిస్తుంది. పైన సున్నంలో ఇటుక ముక్కలు కలిపి పరిచి, ఆడవాళ్లు వరసగా కూర్చుని కొయ్యలతో రోజుల తరబడి దంచారట. దంచేటప్పుడు కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు చల్లేవాళ్లు. అత్తయ్యకు ఆ వాసన ముసలితనంలో కూడా గుర్తుండేది. ఇంటి ముందే గుండ్రంగా గాడి తవ్వి, ఎద్దును కట్టి గానుగలో సున్నం రుబ్బేవాళ్లని, తను బెల్లంముక్క కోసం అక్కడే తిరుగుతుండేదాన్నని చెప్పేది.

నారాయణగూడే ఎందుకంటే, అత్తయ్య చదువు కోసం. ఉర్దూ బళ్ల కాలంలో, 1928లో మాడపాటి హనుమంతరావు గారు ఇక్కడ ఆడపిల్లలకు తెలుగులో చదువు చెప్పే బడి పెట్టారు. నడిచిపోయే దూరంలో జాగా దొరికింది. అత్తయ్య ఆ బడిలోనే మెట్రిక్ దాకా చదివింది. నాకు ఈ ఇంట్లో అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇదే. ఒక అహల్కారు, తన కూతురి బడిని బట్టి జాగా చూసుకున్నాడు.

ఇప్పుడు బాధపడిన సంగతి. 1990ల చివర్లో వాయవ్యం గోడకు చెమ్మ వచ్చింది. ఒక కాంట్రాక్టరు పాత సున్నమంతా గీకేసి, లోపలా బయటా సిమెంటు పూసి, పైన ప్లాస్టిక్ పెయింట్ వేశాడు. రెండేళ్లు బాగుంది. తర్వాత గోడ బొబ్బలెక్కింది, ఉప్పు పూసింది, పెచ్చులు ఊడిపడ్డాయి. సున్నపు గోడ లోపలికి వచ్చిన తేమను మళ్లీ బయటకు వదులుతుంది. సిమెంటు దాన్ని లోపలే బిగించేస్తుంది. ఇది మాకు ముందే తెలిసుంటే బాపు అంత డబ్బు, అంత మనసు పెట్టేవారు కాదు. "ఇంటికి వయసైపోయింది" అని ఆయన కుర్చీలో కూర్చుని అనడం నాకు గుర్తుంది. ఇంటికి వయసు కాలేదు, మేం తప్పు మందు వేశాం.

నిరుడు పాతబస్తీ నుంచి సున్నం పని తెలిసిన మేస్త్రీ దొరికాడు. ఆయన తాత కూడా ఇదే పని. సిమెంటంతా తీయించి, గోడను ఒక ఎండాకాలం అలాగే ఆరనిచ్చాం. నానబెట్టిన సున్నాన్ని ఇప్పుడు మోటారు గానుగలో రుబ్బుతున్నారు, కరక్కాయ, బెల్లం మాత్రం మారలేదు. మూడు పూతలు, ఒక్కోదానికి మధ్య రోజులు. పక్క అపార్ట్‌మెంట్ వాళ్లు ఇంకా కాలేదా అని అడుగుతూనే ఉన్నారు. మా తమ్ముడు కూడా మొదట్లో విసుక్కున్నాడు. రోజూ సాయంత్రం వచ్చి గోడ మీద చేయి పెట్టి చూడటం మొదలుపెట్టాక ఏమీ అనలేదు.

అంకె పని ఆఖరున పెట్టుకున్నాం. మేస్త్రీ పరంజా ఎక్కి, పక్కనున్న నాలుగు మీద కాగితం పెట్టి బొగ్గుతో రుద్ది అచ్చు తీసుకున్నాడు. మిగిలిన కాడను ముట్టుకోకుండా దాని మీద కొత్త సున్నంతో పైభాగం తీర్చాడు. పాతది గోధుమరంగు తిరిగి ఉంది, కొత్తది పాలలా తెల్లగా ఉంది. ఒకే రంగు వచ్చేలా జాజు కలపమంటారా అని అడిగాడు. వద్దన్నాను. రోడ్డు మీద నిలబడి చూస్తే ఆ అంకె ఎక్కడిదాకా తాతదో, ఎక్కడి నుంచి మాదో తెలుస్తోంది.