తమ్ముడి బెర్లిన్ ప్రయాణం, బ్రాడీపేటలో ఒక శుక్రవారం

పిన్నివాళ్ల అబ్బాయి వచ్చే నెల బెర్లిన్‌లో ఉద్యోగంలో చేరుతున్నాడు. వీసా వచ్చింది, టికెట్ కొన్నారు. బెర్లిన్‌లోనే ఉంటున్న నేను సెలవు మీద గుంటూరు వచ్చానని తెలిసిన దగ్గరనుంచి పిన్ని ఫోన్ చేస్తూనే ఉంది. "ఒక్క పూట వాడి దగ్గర కూర్చోమ్మా, నువ్వు చెబితే వింటాడు" అని. ఈరోజు మధ్యాహ్నం భోజనానికే వెళ్లాను.

మార్చి ఎండ అప్పుడే ముదిరింది. గుమ్మంలో అడుగుపెట్టీ పెట్టగానే తుమ్ములు. పిన్ని ఏడాది కారానికి మిరపకాయలు తెప్పించి హాల్లో చాప మీద పోసుకుంది. ఘాటుకు తేజ, రంగుకు బ్యాడిగి. బొటనవేలి గోటితో తొడిమ గిల్లడం, కాయను ఒకవైపు, తొడిమను ఇంకోవైపు వేయడం. మాట్లాడుతున్నంతసేపూ ఆవిడ చెయ్యి ఆగలేదు. నేనూ పక్కన కూర్చుని కాసేపు గిల్లాను. వేళ్లు మండుతున్నా లేవబుద్ధి కాలేదు.

తమ్ముడు పెద్ద జాబితా రాసుకున్నాడు. చలికోటు ఇక్కడే కొనాలా, కుక్కరు తీసుకెళ్లాలా, పప్పులు దొరుకుతాయా. అన్నీ దొరుకుతాయిరా, అవి తర్వాత చూద్దాం, ముందు ఎక్కడ దిగుతున్నావో చెప్పు అన్నాను. ఫోను తీసి చూపించాడు. సామానుతో సహా అద్దెకిచ్చే గది, మొదటి నెలకు. శుభ్రంగా ఉంది, అద్దె కూడా తక్కువే. చివర చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంది: ఈ చిరునామాతో రిజిస్ట్రేషన్ కుదరదు.

వెంటనే ఇది వద్దన్నాను. బాబాయికి కోపం వచ్చినట్టుంది. "నెల రోజులకే కదా, ఇంత చవకగా మళ్లీ దొరుకుతుందా?" అన్నారు. అర్థమయ్యేలా చెప్పడానికి చాలాసేపు పట్టింది, అయినా చెప్పాను. ఎందుకంటే ఆ ఊళ్లో కుదురుకోవడం మొత్తం ఈ ఒక్క పనితోనే మొదలవుతుంది.

జర్మనీలో ఇంట్లో దిగిన 14 రోజుల్లోగా ఆ చిరునామాను పౌర కార్యాలయంలో నమోదు చేయించుకోవాలి. అది చట్టం. అందరూ ఆన్‌మెల్డుంగ్ అంటారు, మన తెలుగువాళ్లూ అలాగే అంటారు. ఊరికే వెళ్లి రాయించుకుంటానంటే కుదరదు. "ఈ మనిషి ఫలానా తేదీ నుంచి నా ఇంట్లో ఉంటున్నాడు" అని ఇల్లు ఇచ్చినవాళ్లు సంతకం పెట్టిన కాగితం కావాలి. 2015 నవంబరు నుంచి ఆ కాగితం తప్పనిసరి. అది ఇవ్వని ఇల్లు ఎంత చవకైనా మనకు పనికిరాదు. నమోదు అయితేనే పన్ను గుర్తింపు సంఖ్య పోస్టులో ఇంటికి వస్తుంది. అది రాకపోతే కంపెనీ ఆరో పన్ను తరగతి కింద, అంటే అన్నింటికన్నా ఎక్కువ పన్ను పట్టుకుని జీతం ఇవ్వవచ్చు. ఆ డబ్బు తర్వాత తిరిగి వస్తుంది, నిజమే. కానీ కొత్త ఊళ్లో, కొత్త ఇంటికి డిపాజిట్ కట్టాల్సిన సమయంలో మొదటి జీతమే సగానికి దగ్గరగా కోసుకుపోతే ఆ కుర్రవాడి పరిస్థితి ఏమిటి? నివాస అనుమతి కార్డుకూ ఈ నమోదు కాగితమే చూపించాలి. ఒక దారం తెగితే మిగతావన్నీ జారిపోతాయి.

అపాయింట్‌మెంట్ దొరకడం కూడా తేలిక కాదు. అయితే బెర్లిన్‌లో మన పేటలో ఉన్న కార్యాలయానికే వెళ్లాలన్న నియమం లేదు. నగరంలో ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి వెళ్లవచ్చు. ఉదయాన్నే ఎవరో రద్దు చేసుకున్న వేళలు కనిపిస్తాయి, అప్పుడు పట్టుకోవాలి. ఇదంతా తమ్ముడు నోట్సు రాసుకున్నాడు.

తర్వాత పోస్టుపెట్టె సంగతి చెప్పాను. పిన్నివాళ్ల చిరునామా చెప్పడం ఎంత సులువు! 4/14 బ్రాడీపేట అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. ఆటో ఎక్కి అంత చెబితే చాలు, సందు మొదట్లో దిగి ఎవరిని అడిగినా ఇల్లు చూపిస్తారు. బెర్లిన్‌లో పాత భవనాల్లో వీధి ముందు ఒక భాగం, లోపలి పెరడు దాటాక వెనక ఇంకో భాగం ఉంటాయి. చాలా ఇళ్లకు ఫ్లాటు నంబరన్నదే ఉండదు. వీధి, భవనం నంబరు, ఇంటిపేరు. అంతే. గంట మీద, పోస్టుపెట్టె మీద ఆ ఇంటిపేరు కనబడకపోతే ఉత్తరం వెనక్కి వెళ్లిపోతుంది. పన్ను సంఖ్య, ఆరోగ్య బీమా కార్డు, బ్యాంకు కార్డు పిన్ను అన్నీ ఉత్తరాలుగానే వస్తాయి. నా పెట్టె బూడిదరంగు రేకుది. మూత కింద చిన్న ప్లాస్టిక్ గాడి ఉంది. అట్టముక్క కత్తిరించి, ఇంటిపేరు పెద్ద అక్షరాల్లో రాసి అందులోకి దూర్చాను. మొదట్లో పని నుంచి రాగానే మెట్లెక్కకముందే ఆ పెట్టె తెరిచి చూసేదాన్ని. నా పేరు మీద మొదటి ఉత్తరం వచ్చిన రోజు, అందులో ఏముందో చదవడం రాకపోయినా, ఎంత సంతోషించానో. ఎవరి దగ్గరైనా గది పంచుకుంటే వాళ్ల పేరు పక్కనే నీ ఇంటిపేరూ అంటించమని దిగిన రోజే అడుగు, మొహమాటపడకు అని తమ్ముడికి గట్టిగా చెప్పాను.

సొంతంగా ఇల్లు తీసుకునేటప్పుడు డిపాజిట్ మూడు నెలల అద్దెకు మించి అడగకూడదు. అదీ కరెంటు, హీటింగ్ లాంటి ఖర్చులు కలపని అద్దె. దాన్ని మూడు నెలసరి వాయిదాల్లో కట్టే హక్కు కూడా మనకుంది. ఇల్లు చూపించకుండానే డబ్బు పంపమన్నవాళ్లకు ఒక్క యూరో కూడా పంపవద్దు. ఈ మాట బాబాయికి నచ్చింది.

నమోదు ఫారంలో ఇంకో గడి ఉంటుంది: మతం. మాది లూథరన్, అంటే ప్రొటెస్టెంటు క్రైస్తవ కుటుంబం కాబట్టి దీని గురించి చెప్పకుండా ఉండలేకపోయాను. అక్కడ ప్రొటెస్టెంటు అని రాస్తే బెర్లిన్‌లో ఆదాయపు పన్ను మీద 9 శాతం చర్చి పన్నుగా పట్టుకుంటారు. ఖాళీగా వదిలేయమని చాలామంది సలహా ఇస్తారు. తమ్ముడు పిన్ని వైపు చూశాడు. పిన్ని తొడిమ గిల్లడం ఆపింది. "డబ్బు మిగులుతుందని, మనం క్రైస్తవులం కాదని రాస్తాడా?" అంది. అందులో కోపం లేదు, నిజంగానే అడిగింది.

నేను రాశాను, కడుతున్నాను. మనకు చేరిన ఈ విశ్వాసం ఒకరు ఇచ్చినదే కదా. లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ 1842లో గుంటూరు వచ్చారు. ఆయన పుట్టిన హెల్మ్‌స్టెట్ బెర్లిన్‌కు పడమటి వైపున్న చిన్న ఊరు. అదే మిషన్ తరఫున డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో వచ్చి, ఆసుపత్రి కట్టి, 1930లో ఇక్కడే కన్నుమూశారు. మా అమ్మమ్మ కాన్పులన్నీ ఆ ఆసుపత్రిలోనే. ఆ రోజుల్లో భాష రాకుండా, ఈ ఎండల్లో, ఉత్తరం వెళ్లి జవాబు రావడానికి నెలలు పట్టే కాలంలో వాళ్లు ఈ ఊళ్లో ఎలా నిలబడ్డారోనని బెర్లిన్ వెళ్లాకే ఆలోచించడం మొదలుపెట్టాను. అయినా తమ్ముడి జీతం తమ్ముడిది. లెక్క తెలుసుకుని, ఏది నిజమో అది రాయి, అంతకన్నా చెప్పలేను అన్నాను.

పిన్ని భయం మాత్రం వేరే. "జ్వరం వస్తే ఎవరు చూస్తారు? ఆదివారం ఒక్కడూ ఏం చేస్తాడు?" ఆదివారం దుకాణాలు మూసేస్తారు, అది నిజం, శనివారమే కూరగాయలు తెచ్చుకోవాలి. ఏప్రిల్‌లో వెళ్లడం మాత్రం వాడి అదృష్టం. పొద్దు రోజురోజుకూ పెరుగుతుంది, జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుగుంటుంది. ఆ వెలుగులోనే నలుగురిని పరిచయం చేసుకోవాలి. డిసెంబరులో సాయంత్రం నాలుగు కాకముందే చీకటి పడుతుంది. అప్పుడు కొత్తగా మనుషుల్ని వెతుక్కోవడం కష్టం. తెలుగువాళ్లు ఉంటారు, పండగలకు పిలుస్తారు, అది పెద్ద ధైర్యం. కానీ పై అంతస్తు ముసలావిడతోనూ రోజూ ఒక పలకరింపు ఉండాలి. మెట్ల మీద జారి కాలు బెణికినప్పుడు నాకు మందుల దుకాణం నుంచి కట్టు తెచ్చిచ్చింది అలాంటి ఒక పొరుగావిడే. అందుకే జర్మన్ క్లాసులో మొదటి నెలలోనే చేరమన్నాను. బ్లూ కార్డు, అంటే పెద్ద చదువుల ఉద్యోగులకిచ్చే నివాస అనుమతి, ఉన్నవాళ్లకు బి1 అనే మధ్యస్థాయి భాష వస్తే 21 నెలలకే శాశ్వత నివాసానికి అర్హత వస్తుంది. అది ఒక లాభం. పలకరించిన మనిషికి జవాబు చెప్పగలగడం అంతకన్నా పెద్ద లాభం.

టీ తాగాక ఇద్దరం కూర్చుని వేరే గదులు వెతికాం. నమోదుకు కాగితం ఇస్తామని స్పష్టంగా రాసినది ఒకటి దొరికింది. అద్దె ఎక్కువ, ఆఫీసుకు దూరం. తమ్ముడు ఓనరుకు రాశాడు: కాగితం ఏ రోజు ఇస్తారు, పోస్టుపెట్టె మీద నా ఇంటిపేరు పెడతారా అని. మనకు సాయంత్రం ఆరు, అక్కడ మధ్యాహ్నం ఒకటిన్నర. గంటలోపే జవాబు వచ్చింది. దిగిన రోజే ఇస్తారట, ఇంటిపేరు అక్షరాలు సరిగ్గా ఎలా రాయాలో పాస్‌పోర్టు చూసి పంపమన్నారు. బాబాయి కళ్లజోడు తెచ్చుకుని పాస్‌పోర్టు తెరిచి, ఒక్కో అక్షరం పైకి చదివారు. తమ్ముడు టైపు చేశాడు. పాత గదిని రద్దు చేసుకుంటే కొంత డబ్బు పోతుంది. పోనివ్వమన్నారు బాబాయే.