నా ల్యాప్‌టాప్‌లో ఫైర్‌ఫాక్స్ ఎందుకుందంటే

బెంగళూరు మారతహళ్లిలో పీజీ, నాది 8 జీబీ పాత ల్యాప్‌టాప్. ఇంతకుముందు వాడిన బ్రౌజర్‌లో (పేరెందుకులెండి) 40 ట్యాబ్‌లు తెరిస్తే ఫ్యాన్ మిక్సీలా మోగేది.

కానీ మారడానికి అసలు కారణం కంటైనర్ ట్యాబ్‌లు. ఆఫీసు మెయిల్ నీలం గీతున్న ట్యాబ్‌లో, సొంత మెయిల్ నారింజ గీతున్న ట్యాబ్‌లో పక్కపక్కనే తెరుచుకుంటాయి, ఒకదాని కుకీలు (మనల్ని గుర్తుపట్టడానికి సైట్లు దాచుకునే చిన్న ఫైళ్లు) ఇంకోదానికి అందవు. ఒకసారి నాన్నకు పంపాల్సిన కరెంటు బిల్లు మా మేనేజర్‌కి వెళ్లిపోయింది, ఇప్పుడా టెన్షన్ లేదు. ఫోన్‌లో కూడా ప్రకటనలను ఆపే యూబ్లాక్ ఆరిజిన్ పెట్టుకున్నా, వార్తల సైట్లలో ఇప్పుడు వార్తలు కనిపిస్తున్నాయి!

క్రోమ్, ఎడ్జ్, బ్రేవ్ పేర్లే వేరు, లోపల పేజీలను చూపించే ఇంజిన్ బ్లింకే. 2004లో 1.0గా వచ్చిన ఫైర్‌ఫాక్స్‌ది సొంత ఇంజిన్, గెకో. అందుకేనేమో మా ఆఫీసు సైటొకటి దీంట్లో సరిగ్గా తెరుచుకోదు, అప్పుడు మాత్రం తిట్టుకుంటూ ఎడ్జ్ తెరుస్తా.