మెంటార్ దొరికాడు, పరువు పోయింది

నిన్న ఆదివారం పొద్దున్నే ఏడింటికి నా మెంటార్‌తో, అంటే వ్యాపారంలో దారి చూపించే మా సారుతో మీటింగ్ ఉండాల్సింది, లేదు. లెక్కల పుస్తకం ఫోటో శనివారం సాయంత్రం ఏడులోపు పంపాలి, నేను తొమ్మిదీ పదికి పంపాను. "వచ్చే నెల చూద్దాం" అని ఒక్క ముక్క పెట్టారు. ఆ కోపంలోనే ఇది రాస్తున్నాను, ఏమైనా ఎక్కువ తక్కువ అంటే సర్దుకోండి.

మాది విశాఖలో గోపాలపట్నం. చోడి పిండి జంతికలు చేసి ప్యాకెట్లు కట్టి షాపులకి వేస్తాం (మీరు రాగి అంటారు, మా వైపు చోడి అంటాం). ఫుడ్ రిజిస్ట్రేషన్ సులువుగానే అయిపోయింది. ఉద్యమ్ (చిన్న వ్యాపారాలకి ప్రభుత్వం ఇచ్చే రిజిస్ట్రేషన్) కూడా అంతే, కాకపోతే అది పూర్తిగా ఉచితం అని తెలీక ఒక నెట్ సెంటర్ వాడికి 1,500 సమర్పించుకున్నాను. ఆధార్, పాన్ ఉంటే ఫోన్లోనే అయిపోతుంది, ఎవడికీ రూపాయి ఇవ్వకండి.

మెంటార్ కోసం లింక్డిన్లో ఒక ముప్పై మందికి మెసేజ్ పెడితే ఇద్దరు పలికారు. ఒకాయన బీచ్ రోడ్డులో హోటల్‌కి రమ్మని గంటన్నర కూర్చోబెట్టి, నెలకి 15,000, పైన వ్యాపారంలో 5 శాతం వాటా అన్నాడు. కాఫీ బిల్లు కూడా నేనే కట్టాను. రెండో ఆయన స్టార్టప్ ఇండియా గుర్తింపు (కొత్త సంస్థలకి కేంద్ర ప్రభుత్వం ఇచ్చేది) తెచ్చుకుని రా అన్నాడు. నాది ప్రొప్రైటర్‌షిప్ (నా ఒక్కడి పేరు మీదున్న వ్యాపారం), దానికి ఆ గుర్తింపు ఇవ్వరు, ప్రైవేట్ లిమిటెడో ఎల్ఎల్‌పీనో (బాధ్యత పరిమితంగా ఉండే పార్ట్‌నర్‌షిప్) రిజిస్టర్డ్ పార్ట్‌నర్‌షిప్పో లాంటిది ఉండాలి. సలహాలిచ్చే మనిషికి ఆ మాత్రం తెలీదా?

చివరికి మా సారు దొరికింది ఆటోనగర్లో కవర్లు అమ్మే అతని ద్వారా. ఫుడ్ ఫ్యాక్టరీలో ప్రొడక్షన్ చూసి రిటైరయ్యారు, సీతమ్మధారలో ఉంటారు. ఫీజు వద్దన్నారు. ముందు మీ వంటిల్లు చూడాలి అన్నారు.

వచ్చారు. జంతికలు ఒకటి తిన్నారు, బాగున్నాయి అనలేదు. "ప్యాకెట్ ఎంత పడుతోంది?" అన్నారు. నేను ఠక్కున 28 అన్నాను. పిండి, నూనె, వాము అన్నీ కలిపి 24, కవరూ లేబులూ 4. షాపుకి 45కి ఇస్తాను, ఎంఆర్‌పీ 60, అంటే ప్యాకెట్‌కి 17 మిగులు, అలా అని బంధువులందరికీ చెప్పుకున్నాను కూడా. "గ్యాస్?" అన్నారు. మూడు. "బండి పెట్రోలు?" నాలుగు. తర్వాత అమ్మ వైపు తిరిగి, "అమ్మకి జీతం ఎంత ఇస్తున్నావు?"

నాకు నోట మాట రాలేదు. అమ్మే అంది, "నాకు జీతం ఏటండి అన్నయ్యగారూ, కొడుకు పనేగా" అని. ఆయన నవ్వలేదు. "రేపు మీకు నడుం పట్టేస్తే జంతికలు ఎవరు ఒత్తుతారమ్మా? ఆ మనిషికి ఇవ్వాల్సింది ఈరోజే లెక్కలో రాయాలి" అన్నారు. ఏడు రూపాయలు రాయించారు. 42 అయింది. అప్పుడు అడిగారు, వందలో ఎన్ని వెనక్కొస్తున్నాయి అని. పన్నెండు. మన సముద్రం గాలికి మెత్తబడిపోతాయి, కొన్ని నూనె కంపు కొడతాయి, షాపువాళ్ళు తిరిగిచ్చేస్తారు, ఆవిడకీ ఈవిడకీ పంచేస్తాం. వందకి అయిన ఖర్చు 4,200ని అమ్ముడుపోయిన 88తో భాగించమన్నారు. దాదాపు 47 రూపాయల 70 పైసలు. నేను అమ్మేది 45కి.

ఏడాదిన్నర నుంచి ప్యాకెట్‌కి రెండు రూపాయల డెబ్భై పైసలు నష్టానికి అమ్ముతూ, స్టేటస్‌లో "ఈరోజు 300 ప్యాకెట్లు" అని పెట్టుకుంటున్నాను. ఎంత ఎక్కువ అమ్మితే అంత పోతోంది. కనబడకపోడానికి కారణం, అందులో ఏడు రూపాయలు మా అమ్మ చేతులవి. ఆ రోజు ఆవిడ ముందు ఆ మాట వినడం ఉందే, బీకాం ఫస్ట్ క్లాస్ అని చెప్పుకునేవాణ్ణి. బీకాం! ఆయన ఇంకొంచెం మెత్తగా చెప్పొచ్చు, అది మాత్రం ఇప్పటికీ అంటాను, అమ్మని బయటికి పంపి చెప్పొచ్చుగా.

ఆయన షరతు ఒకటే, నెలకోసారి మొదటి ఆదివారం, ముందు రోజు లెక్కలు. వాళ్ళకి పరిచయం చెయ్యండి, వీళ్ళకి ఫోన్ చెయ్యండి అని మాత్రం అడగొద్దన్నారు. మీరూ మెంటార్ దగ్గరకి వెళ్తే అంకెలతో వెళ్ళండి, "నాకో ఐడియా ఉందండీ" అని వెళ్తే కాఫీ బిల్లు మీదే.

తర్వాత లోపల వెండిరంగు పొర ఉండే మందం కవరుకి మారాను, ఖర్చు మూడు పెరిగింది, వాపసులు వందకి నాలుగుకి తగ్గాయి. ఎంఆర్‌పీ 75 చేశాను, షాపుకి 56. తొమ్మిది షాపులు మానేశాయి, మొదటి నెల నిద్ర పట్టలేదు. నాకంటే మొండి ఒకాయన పూర్ణా మార్కెట్లో ఉన్నాడు, పాత రేటే కావాలంటాడు, ఇవ్వను.

అమ్మకి ఒకటో తారీకున జీతం ఇస్తున్నాను. మొదటిసారి ఇచ్చినప్పుడు దేవుడి దగ్గర పెట్టింది. మొన్న నాకు తెలీకుండా సారుకి ఫోన్ చేసి, "అన్నయ్యగారూ, ఏడు చాలడం లేదు, ఎనిమిది రాయించండి" అందట.