ఇరవై ఓటముల తర్వాత హోబర్ట్‌లో ఒక శనివారం

ఓడ టికెట్లు బుక్ చేసిన రోజుకి, ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ ఆడే మా నార్త్ మెల్‌బోర్న్ టీమ్ వరసగా 17 మ్యాచ్‌లు ఓడిపోయి ఉంది. ఓడ ఎక్కే నాటికి ఆ లెక్క 20కి వచ్చింది. "ఓడెక్కి వెళ్ళి మరీ ఓడిపోవడం చూసొస్తారా?" అంది మా ఆవిడ. నవ్వుతూ కూడా కాదు, మామూలుగానే అంది, కరివేపాకు కవర్లో పెడుతూ.

ఇది 2023 ఆగస్టు మాట. సీజన్లో మా ఆఖరి మ్యాచ్ 26వ తేదీ శనివారం, గోల్డ్ కోస్ట్ టీమ్ మీద, తాస్మానియాలోని హోబర్ట్‌లో. పేరుకి అది మా హోమ్ మ్యాచ్. మెల్‌బోర్న్ టీమ్‌కి సముద్రం అవతల హోమ్ మ్యాచ్ ఏంటంటే, డబ్బు. మాది చిన్న క్లబ్బు, కాలింగ్‌వుడ్ లాంటి పెద్ద క్లబ్బుకి లాగా జనం విరగబడి రారు, అందుకని 2012 నుంచి కొన్ని హోమ్ మ్యాచ్‌లు అక్కడ ఆడుతూ వచ్చారు, దానికి తాస్మానియా వాళ్ళు డబ్బులిచ్చేవాళ్ళు. నాకు ఆ ఒప్పందం మీద కోపమూ ఉంది, ఆ డబ్బు లేకపోతే ఏమయ్యేదో అన్న భయమూ ఉంది.

ఈ దేశం వచ్చిన కొత్తలో ఆర్డెన్ స్ట్రీట్ దగ్గర రెండు గదుల ఇంట్లో నలుగురం ఉండేవాళ్ళం. సాయంత్రాలు అక్కడున్న నార్త్ మెల్‌బోర్న్ గ్రౌండు బయట నిలబడి ప్రాక్టీస్ చూసేవాణ్ణి, ఊరికే కాలక్షేపానికి. పక్కింటి ముసలాయన 1996, 1999 కప్పుల కథలు, అప్పటి కెప్టెన్ వేన్ కేరీ కథలు చెప్పి చెప్పి చివరికి తన పాత నీలం తెలుపు స్కార్ఫ్ ఒకటి నా మెళ్ళో వేశాడు. అంతే. ఇప్పుడు మా టార్నీట్‌లో మనవాళ్ళందరూ గెలిచే టీమ్‌లు చూసుకుని పట్టుకున్నారు, నేనొక్కణ్ణే ఇలా మిగిలాను. 2021లోనూ, 2022లోనూ అట్టడుగున మేమే.

మా ఆవిడ రానంది కాబట్టి బామ్మర్దిని తీసుకెళ్ళాను. వాడు తెనాలి నుంచి మాస్టర్స్‌కి వచ్చి ఆరు నెలలైంది. క్రికెట్ తప్ప ఇంకేమీ ఆట కాదని వాడి అభిప్రాయం. ఫ్లైట్‌లో గంటంబావులో అయిపోయేదానికి గీలాంగ్ నుంచి రాత్రంతా ఓడలో వెళ్ళడమేంటని వాడు అడిగాడు. కారుతో సహా వెళ్ళొచ్చు, దారి చూడొచ్చు అన్నాను. మధ్యలో ఉన్న బాస్ స్ట్రెయిట్ సముద్రంలో ఆగస్టు అలలు ఎలా ఉంటాయో మాత్రం ముందుగా చెప్పలేదు. అర్ధరాత్రి దాటాక వాడు బంకు మీద లేచి కూర్చుని, "బావా, ఇది ఊగుతోందా, నాకే తిరుగుతోందా?" అన్నాడు. రెండూ అన్నాను.

తెల్లారి డెవన్‌పోర్ట్‌లో దిగితే చెకింగ్. తాస్మానియాలోకి పచ్చి కూర, పండు, ఆకు ఏదీ రానివ్వరు. నాకు తెలుసు, కానీ కరివేపాకు సంగతి గుర్తే లేదు. అరటిపళ్ళు, పచ్చిమిరపకాయలు, ఆ కరివేపాకు మూడూ చెత్తడబ్బాలోకి వెళ్ళాయి. పులిహోర మాత్రం బతికిపోయింది. ఆఫీసరమ్మ నా స్కార్ఫ్ చూసి, జాలిగా తల ఊపి, మీరు వెళ్ళొచ్చు అంది. వస్తువులు పోయినందుకు జాలి కాదది, నాకు తెలుసు.

డెవన్‌పోర్ట్ నుంచి హోబర్ట్ మూడు గంటల పైన. దారి పొడవునా పచ్చటి గుట్టలు, గొర్రెలు, మంచు పొగ. వాడికి ఆట అర్థం కావాలని అక్కడే మొదలుపెట్టాను. ఒక్కో వైపు 18 మంది, కోడిగుడ్డు ఆకారం గ్రౌండు, నాలుగు క్వార్టర్లు, మధ్య రెండు గుంజల్లోంచి తంతే గోల్, 6 పాయింట్లు, పక్క గుంజ సందులోంచి పోతే బిహైండ్, 1 పాయింటు. కనీసం 15 మీటర్లు తన్నిన బంతిని నేల తాకకుండా పట్టుకుంటే మార్క్, అప్పుడు ఎవరూ మీద పడకూడదు, తీరిగ్గా తన్నుకోవచ్చు. చేత్తో విసరకూడదు, పిడికిలితో కొట్టాలి, అది హ్యాండ్‌బాల్. ఆఫ్‌సైడ్ లేదు.

"మరి మీవాళ్ళకి వచ్చిన రోగమేంటి బావా?"

అదిగో, ఆ ప్రశ్న కోసమే నేను కాచుకుని కూర్చున్నాను. ఆఫ్‌సైడ్ లేని ఆటలో అన్నిటికంటే ప్రమాదం బంతి మన చేతిలో ఉన్నప్పుడే. గోల్ కొట్టాలని అందరూ గ్రౌండు నిండా విడిపోయి పరిగెడతారు కదా, సరిగ్గా అప్పుడు బంతి పోగొట్టుకుంటే అవతలివాడికి మధ్యలో జాతీయ రహదారి దొరుకుతుంది. ఆ సంవత్సరం మేం తిన్న గోల్స్‌లో నన్ను ఎక్కువ ఏడిపించినవి ఇవే. వెనక బంతి దొరుకుతుంది, పది అడుగుల్లో నలుగురు గుమిగూడి ఒకడికొకడు హ్యాండ్‌బాల్ ఇచ్చుకుంటారు, వేడి ఇడ్లీ చేతులు మారినట్టు, ఎవడూ పట్టుకుని నిలబడడు. నాలుగోవాడి మీద అవతలివాడు పడతాడు. సరే అది తప్పించుకున్నామనుకో, మధ్యలోంచి తన్నే ధైర్యం లేక గీత వెంబడే నెమ్మదిగా వెళ్తారు, ఈలోపు అవతలి డిఫెన్స్ మొత్తం సర్దుకుని నిలబడుతుంది, అప్పుడు గాల్లోకి ఎత్తి ఒక్క తన్ను, మా గోల్స్ కొట్టేవాడు నిక్ లార్కీ ఎక్కడున్నాడో అక్కడికి. వాడొక్కడు, చుట్టూ ముగ్గురు.

"అంటే రావాల్సిన సింగిల్‌కి రాకుండా ఆలోచించి ఆలోచించి లేటుగా పరిగెత్తి రనౌట్ అవడం" అన్నాడు వాడు. నేను మూడు గంటలు చెప్పింది వాడు ఒక ముక్కలో చెప్పేశాడు. కొంచెం మండింది.

క్యాంప్‌బెల్ టౌన్‌లో కాఫీకి ఆగాం. అక్కడ ఫుట్‌పాత్ మీద ఇటుకలు వరసగా పరిచి ఉంటాయి, ఒక్కో ఇటుక మీద ఒక్కో ఖైదీ పేరు, ఇంగ్లండు నుంచి ఏ ఓడలో వచ్చాడు, ఏ నేరం, ఎన్నేళ్ళ శిక్ష. చిల్లర దొంగతనాలకి ఏడేళ్ళు. బామ్మర్ది వంగి ఒక్కోటీ చదువుతూ నడిచాడు. వాడికి హోబర్ట్ కంటే, మ్యాచ్ కంటే ఇదే నచ్చిందని తర్వాత చెప్పాడు.

కారెక్కాక నా ఉపన్యాసంలో రెండో భాగం, హ్యారీ షీజల్. క్లబ్బులు వంతులవారీగా కొత్త కుర్రాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2022లో, 3వ పిక్. ముందు నిలబడి గోల్స్ కొట్టే ఫార్వర్డ్ అని తెచ్చుకున్న కుర్రాణ్ణి వెనక డిఫెన్స్‌లో, హాఫ్‌బ్యాక్‌లో ఆడించారు. మొదటి మ్యాచ్‌లోనే 34 సార్లు బంతి అందుకున్నాడు. అందరూ ఆహా అన్నారు, నేనూ అన్నాను. కానీ ఆలోచించండి, టీమ్‌లో అందరికంటే శుభ్రంగా తన్నేవాడు మనం కొట్టాల్సిన గోల్‌కి అంత దూరంగా నిలబడి ఉన్నాడు. వాడి తన్ను లార్కీ దాకా చేరాలంటే మధ్యలో ముగ్గురి చేతులు మారాలి. ముందుకి జరపండి మహానుభావా అని నేను టీవీ ముందు ఎన్నిసార్లు అరిచానో. అయితే వాణ్ణి ముందుకి తెస్తే వెనక నుంచి బంతి బయటికి తెచ్చేదెవరు, అదీ నిజమే. ఈ ఒక్క విషయంలో నేను రోజుకో మాట మారుస్తాను.

కోచ్‌ని తిట్టడం తేలిక. అలస్టర్ క్లార్క్‌సన్ హాథార్న్‌కి నాలుగు కప్పులు తెచ్చిన మనిషి, మా దగ్గర మొదటి ఏడాది, మే నుంచి ఆగస్టు దాకా సెలవులో ఉన్నాడు, ఆ మధ్యలో బ్రెట్ రాటెన్ నడిపాడు. ఆ రోజుల్లోనే సిడ్నీ మీద ఒక మ్యాచ్ 3 పాయింట్ల తేడాతో పోయింది. ఎలా పోయిందో చెప్తే నమ్మరు. మ్యాచ్‌కి 75 సార్లే ఆటగాళ్ళని మార్చాలి, మనవాళ్ళు ఆఖరి క్వార్టర్లో లెక్క తప్పి ఒకటి ఎక్కువ మార్చారు, ఫ్రీ కిక్, దాని మీద బంతిని 50 మీటర్లు మన గోల్ వైపు జరిపే పెనాల్టీ, గోల్. వ్యూహాలు సరే, ముందు లెక్కపెట్టడం రావాలి కదా.

శనివారం పొద్దున సాలమాంకా సంతకెళ్ళాం. రాతి గోదాముల ముందు బారుగా కొట్లు, తేనె, ఉన్ని టోపీలు, చెక్క సామాను. స్కాలప్ పై తిన్నాం, ఇక్కడి ప్రత్యేకం, పొరలు పొరల పేస్ట్రీ లోపల పసుపు పచ్చటి కర్రీలో సముద్రపు గుల్లల మాంసం. మన బేకరీ కర్రీ పఫ్‌కి దూరపు చుట్టం అనుకోండి. బామ్మర్ది రెండు తిని, కారం లేదన్నాడు. వెనక కునాన్యి కొండ నెత్తిన మంచు. ఆ గాలి నేరుగా చెవుల్లోకి వస్తోంది.

ఫోన్ నిండా మెసేజ్‌లు. "దయచేసి ఓడిపోండి రా బాబూ, హార్లీ రీడ్ వస్తాడు." సంగతేంటంటే, అట్టడుగున ఉన్న టీమ్‌కి డ్రాఫ్ట్‌లో మొదటి ఎంపిక దొరుకుతుంది, ఆ ఏడాది అందరి కళ్ళూ రీడ్ అనే కుర్రాడి మీదే. ఈ మ్యాచ్ ఓడితే మేం 18వ, అంటే ఆఖరి స్థానం, వాడు మావాడు. మేం గెలిచి, మా పైనున్న వెస్ట్ కోస్ట్ టీమ్ ఓడితే వాడు వాళ్ళకి. కాబట్టి ఓడిపోవడమే తెలివట! నాకు ఒళ్ళు మండింది. 2021లో మొదటి పిక్‌తో జేసన్ హోర్న్-ఫ్రాన్సిస్‌ని తెచ్చుకున్నాం, ఒక్క సీజన్ ఆడి పోర్ట్ అడిలైడ్‌కి వెళ్ళిపోయాడు. వారంవారం చితికిపోయే చోట ఏ పిల్లవాడు మాత్రం ఎందుకుంటాడు? మాకు కావాల్సింది ఇంకో కుర్రాడు కాదు, ఉన్న కుర్రాళ్ళకి గెలుపు ఎలా ఉంటుందో తెలియడం.

టాస్మన్ వంతెన దాటి బెల్లరీవ్‌లో కారు ఎక్కడో సందులో పెట్టి నడిచాం. గ్రౌండు డెర్వెంట్ నది ఒడ్డునే. దారిలో ఒక కారు మీద "టీమ్ కావాలి, స్టేడియం వద్దు" అని స్టిక్కర్. ఆ మే నెలలోనే తాస్మానియాకి సొంత టీమ్ ఇస్తామన్నారు, కొత్త స్టేడియం కడితేనే అని మెలిక పెట్టారు, అప్పుడు ఊరు ఊరంతా దాని మీదే కొట్టుకునేది. వాళ్ళ టీమ్ వస్తే ఇక్కడ మాతో పనేముంటుందన్నది వేరే దిగులు.

గేటు దగ్గర బామ్మర్ది హఠాత్తుగా ఆగిపోయాడు. "బావా, ఇది ఆ గ్రౌండేనా?" అదే. 2012 ఫిబ్రవరి 28, శ్రీలంక మీద కోహ్లీ 86 బంతుల్లో 133 నాటౌట్. 321 కొట్టాలి, బోనస్ పాయింట్ కావాలంటే 40 ఓవర్లలోపు, 36.4 ఓవర్లలో అయిపోయింది. మలింగ ఓవర్లో 24. ఏ ఎండ్ నుంచి వేశాడని నన్నడుగుతాడు. పాంటింగ్ కూడా మా నార్త్ ఫ్యానేనని చెప్పాను. మొదటిసారి నా స్కార్ఫ్ వంక కాస్త మర్యాదగా చూశాడు.

ఇక మ్యాచ్. నేను పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని, ఓటమికి మనసు సిద్ధం చేసుకుని కూర్చున్నాను. కాసేపటికి ఏదో తేడా అనిపించింది. బంతి దొరగ్గానే మధ్యలోంచి తంతున్నారు! గీత వెంబడి దేకడం లేదు. అవతలి డిఫెన్స్ సర్దుకునేలోపే బంతి లార్కీ ముందు ఖాళీలో పడుతోంది, వాడు దానికోసం ఎదురు పరిగెత్తుతున్నాడు, ముగ్గురి మధ్య ఎగరాల్సిన పని లేదు. ఒకటి నేను కూర్చున్న వైపే పట్టాడు. రెండు చేతులతో ఛాతీకి హత్తుకుని, వెనక్కి నడిచి, సాక్సు లాక్కుని, నది మీంచి గాలి అడ్డంగా కొడుతున్నా తొందర లేకుండా ఎనిమిది తొమ్మిది అడుగులు వేసి తన్నాడు. నడిమధ్య నుంచి పోయింది. బామ్మర్ది వేళ్ళ మీద లెక్కపెడుతున్నాడు. ఐదు, ఆరు... ఆ రోజు లార్కీ 9 గోల్స్ కొట్టాడు. తొమ్మిది! సీజన్ మొత్తం కలిపి 71.

35 పాయింట్ల తేడాతో గెలిచాం. మార్చిలో మొదటి రెండూ గెలిచాక మళ్ళీ ఇదే. క్లబ్బు పాట పెట్టేసరికి నాకు సగం మాటలు మర్చిపోయినట్టు తెలిసింది, ఐదు నెలలు పాడకపోతే అంతే. ముందు వరసలో ఒక పెద్దావిడ, రాయల్ బ్లూ ఉన్ని టోపీ, వెనక్కి తిరిగి నా చేతిలో పులిహోర చూసి అదేంటని అడిగింది. ఒక చెంచా పెట్టాను. నిమ్మకాయ, వేరుశనగ అని గుర్తుపట్టింది, ఎండుమిర్చి మాత్రం తెలియక కొరికేసింది.

వెస్ట్ కోస్ట్ కూడా ఆ రౌండు ఓడింది. మేం 17, వాళ్ళు 18, రీడ్ వాళ్ళకే వెళ్ళాడు. ఎవరేమన్నా ఆ మ్యాచ్ ఓడి ఉండాల్సిందని నేను అనలేదు, అనను. కాకపోతే ఆ రోజు చూసిన ఆట మళ్ళీ సీజన్ అంతా చూస్తాననుకున్నాను చూడండి, అది నా పిచ్చి. 2024లోనూ మూడే గెలుపులు, మళ్ళీ 17వ స్థానం. 2025లో 16. ఇప్పటికీ వెనక నలుగురు గుమిగూడితే నాకు బీపీ పెరుగుతుంది.

ఆదివారం రాత్రి డెవన్‌పోర్ట్‌లో కారు ఓడలోకి ఎక్కించి పైకి వచ్చేసరికి మా ఆవిడ మెసేజ్. "ఓడెక్కారా?"

"ఓడెక్కాం. ఓడలేదు" అని పెట్టాను.

రెండు నిమిషాలకి జవాబొచ్చింది. "తెలుసు, తమ్ముడు చెప్పాడు. నా కరివేపాకూ పాయె, మీ హార్లీ రీడూ పాయె."