గోల్ఫ్ జీటీఐ ఆర్డర్ అయింది: టెస్ట్ డ్రైవ్‌లో చూసినవి, ఫారంలో రాయించినవి

ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐకి ఆర్డర్ ఇచ్చేశాను. ఏడు గేర్ల డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్), 18 అంగుళాల చక్రాలు, గళ్ల గుడ్డ సీట్లు. ఇన్నేళ్లూ మాన్యువల్ తప్ప వేరేది కొనని నాకు ఇది పెద్ద మార్పే. 2024లో మోడల్‌కి మెరుగులు దిద్దినప్పుడు (ఫేస్‌లిఫ్ట్) జీటీఐలో క్లచ్ పెడల్ ఎత్తేశారు కాబట్టి ఆ కారు కావాలంటే ఆటోమేటిక్ తీసుకోవాల్సిందే. అందుకే ఈసారి ఇంజిన్ కన్నా గేర్‌బాక్స్‌నే ఎక్కువ పరీక్షించాను. హాట్ హ్యాచ్ (జోరైన ఇంజిన్ ఉన్న హ్యాచ్‌బ్యాక్) ఆటోమేటిక్ కొందామనుకునేవాళ్లకి పనికొస్తుందని ఆ సంగతులే వివరంగా రాస్తున్నాను.

చివరికి మిగిలినవి రెండు కార్లు. జీటీఐది 2.0 లీటర్ టర్బో, 265 పీఎస్ శక్తి, 370 ఎన్ఎం టార్క్ (తిప్పే బలం), ముందు చక్రాల డ్రైవ్. టొయోటా జీఆర్ యారిస్‌ది 1.6 లీటర్ మూడు సిలిండర్ల టర్బో, యూరప్ లెక్కలో 280 పీఎస్, 390 ఎన్ఎం, నాలుగు చక్రాల డ్రైవ్. యారిస్‌కి ఎనిమిది గేర్ల ఆటోమేటిక్ కూడా 2024లోనే వచ్చింది. అది టార్క్ కన్వర్టర్ రకం. కదిలేటప్పుడు ఇంజిన్ బలం ఆయిల్ ద్వారా గేర్లకి అందుతుంది. డీఎస్‌జీలో రెండు క్లచ్‌లు ఉంటాయి, ఒకదానికి బేసి గేర్లు, రెండోదానికి సరి గేర్లు. మూడో గేర్‌లో పోతుండగానే నాలుగోది సిద్ధంగా ఉంటుంది కాబట్టి మార్పు చిటికెలో అయిపోతుంది.

టెస్ట్ డ్రైవ్ అంటే ఖాళీ రోడ్డెక్కి ఒకసారి గట్టిగా తొక్కి చూడటమే అనుకుంటారు చాలామంది. జీటీఐ 5.9 సెకన్లలో 100 కి.మీ. వేగం అందుకుంటుంది. యారిస్ అంతకన్నా ముందే. రెండూ తొక్కితే దూసుకుపోయేవే, అందులో తేల్చుకోవాల్సిందేమీ లేదు. రోజూ విసిగించేదైనా, సుఖపెట్టేదైనా గంటకి 10 కి.మీ. లోపే బయటపడుతుంది. అందుకే నేను ముందు అడిగింది పార్కింగ్ ర్యాంప్.

ర్యాంప్ మీదకి రివర్స్‌లో, జానెడు జానెడుగా ఎక్కించాను. యారిస్‌లో బ్రేక్ మీద కాలు కాస్త సడలిస్తే చాలు, కారు మెల్లగా వెనక్కి పాకుతుంది. మళ్లీ నొక్కితే ఆగుతుంది. మధ్యలో కుదుపు లేదు. జీటీఐలో అదే పని చేస్తే తేడా కాలికి తెలుస్తుంది. ఎత్తు మీద యాక్సిలరేటర్ తొక్కీ తొక్కనట్టు తొక్కితే ఒక క్షణం ఏమీ జరగదు, తర్వాత క్లచ్ పట్టుకుని కారు చిన్నగా వెనక్కి తోసినట్టు కదులుతుంది. కాలు తీస్తూ, పెడుతూ ఉంటే ఈ తోపు ప్రతిసారీ వస్తుంది. ఒకే ఒత్తిడితో నిలకడగా తొక్కితే దాదాపు పోయింది. ఇంకో కిటుకు: ఆగిన కారుకి బ్రేక్ తానే పట్టి ఉంచే ఆటో హోల్డ్ ఆన్‌లో ఉంటే కారు పాకదు, యాక్సిలరేటర్ తొక్కితేనే వదులుతుంది. పార్క్ చేసే ముందు దాన్ని ఆఫ్ చేశాక సమతలం మీద జీటీఐ కూడా బ్రేక్ ఒక్కదానితోనే బుద్ధిగా కదిలింది. ఈ కారు నడిపి చూసేవాళ్లు ఆ బటన్ రెండు రకాలుగానూ పెట్టి చూడాలి.

ర్యాంప్ పరీక్షలో యారిస్ టార్క్ కన్వర్టరే గెలిచింది, అందులో అనుమానం లేదు. మలుపుల రోడ్డు మీద మాత్రం నా మనసు జీటీఐ వైపు తిరిగింది. జీటీఐని డీ (డ్రైవ్) మోడ్‌లో వదిలేస్తే పెట్రోల్ ఆదా కోసం తొందరగా పై గేర్‌లోకి పోతుంది. అక్కడ ఉన్నట్టుండి సగం దాకా తొక్కితే కింది గేర్ వెతుక్కోవడానికి కాస్త సమయం పడుతుంది. మలుపుకి ముందే స్టీరింగ్ వెనకున్న ఎడమ ప్యాడిల్‌తో గేరు దించుకుంటే ఆ ఆలస్యం లేదు. మలుపు దాటాక కుడి ప్యాడిల్‌ని నొక్కి పట్టుకుంటే మళ్లీ డీకి వస్తుంది, లివర్ జోలికి పోనక్కర్లేదు. రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉంచి ఇలా నడపడం అలవాటయ్యాక క్లచ్ పెడల్ లేదన్న వెలితి సగం తగ్గింది. ముందు చక్రాల మధ్య ఉన్న ఎలక్ట్రానిక్ డిఫరెన్షియల్ లాక్ పని కూడా అక్కడే తెలిసింది. మలుపు సగంలో యాక్సిలరేటర్ పెంచితే కారు ముక్కు బయటికి జారడం మాని లోపలికి లాగుతుంది. ఆ లాగుడు స్టీరింగ్‌లో తెలిసిన క్షణమే నేను సగం నిర్ణయం తీసేసుకున్నాను.

మిగతా సగం ఇంటివాళ్ల కోసం. యారిస్ డిక్కీ 174 లీటర్లు, జీటీఐది 374. యారిస్ వెనక సీట్లో పెద్దవాళ్లు ఎక్కువసేపు కూర్చోలేరు. ఉన్న ఒక్క కారే అన్నిటికీ వాడుకోవాలి కాబట్టి ఇక ఆలోచించలేదు.

ఆర్డర్‌లో ఎక్కువసేపు తర్జనభర్జన పడింది చక్రాల దగ్గరే. 225/40 ఆర్18 టైరుకి పక్క గోడ ఎత్తు 90 మిల్లీమీటర్లు, 235/35 ఆర్19కి దాదాపు 82. ఆ 8 మిల్లీమీటర్ల రబ్బరే గుంతకీ రిమ్ముకీ మధ్య ఉండే దిండు. మొదట నాకిచ్చిన కారు 19 అంగుళాలది. 18 ఉన్నది అడిగి మరీ అదే రోడ్డు మీద నడిపాను. పగిలిన తారు మీద తేడా స్పష్టంగా తెలిసింది. టెస్ట్ డ్రైవ్ కారులో ఏ చక్రాలున్నాయో చూడకుండా రైడ్ బాగుందనో గట్టిగా ఉందనో తేల్చేయకండి. సస్పెన్షన్ గట్టిదనాన్ని మార్చుకునే డీసీసీ కూడా పెట్టించాను. ఇండివిడ్యువల్ మోడ్‌లో ఇంజిన్ స్పోర్ట్‌లో, సస్పెన్షన్ కంఫర్ట్‌లో పెట్టుకోవచ్చు. నేను రోజూ వాడబోయేది అదే.

లెదర్ వద్దన్నాను. గళ్ల గుడ్డ మలుపుల్లో ఒంటిని పట్టి ఉంచుతుంది, ఎండకి కాలదు. పైగా 1976లో వచ్చిన మొదటి జీటీఐ నుంచీ ఈ కారు గుర్తు అది. గున్‌హిల్డ్ లిల్యెక్విస్ట్ అనే డిజైనర్ ఆలోచన. గోల్ఫ్ బంతి ఆకారపు గేర్ నాబ్ కూడా ఆవిడదే. ఆ నాబ్‌కి డీఎస్‌జీ కారులో చోటు లేకపోవడం నిజంగా బాధగా ఉంది.

సంతకం పెట్టేముందు ఆర్డర్ ఫారంలోని ప్రతి కోడ్‌నీ బ్రోచర్‌తో సరిచూసుకున్నాను. రంగు, చక్రాలు, డీసీసీ, వెనక కెమెరా, అడ్వాన్స్ ఎప్పుడు తిరిగిస్తారు, తయారీకి ముందు ఎప్పటిదాకా మార్పులు చేసుకోవచ్చు, అన్నీ రాతలో ఉండాలని పట్టుబట్టాను. నోటిమాటగా చెప్పినదాన్ని డెలివరీ రోజు రుజువు చేయడం కష్టం.

ఇప్పుడు తయారీ వారం ఖరారు కావాలి. కారు వచ్చాక టైర్ల మీద డాట్ కోడ్ చివరి నాలుగు అంకెలు చూస్తాను: మొదటి రెండూ టైరు తయారైన వారం, తర్వాతి రెండూ సంవత్సరం. రిమ్ముల అంచులు, పెయింటు పగటి వెలుగులోనే చూడాలి. తర్వాత మొదటి 1,000 కి.మీ. ఫుల్ థ్రాటిల్ లేదు, ఆగిన చోటు నుంచి కారుని పూర్తి జోరుతో దూకించే లాంచ్ కంట్రోల్ అసలే లేదు. అక్కడి నుంచి 1,500 దాకా ఆర్‌పీఎం కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోతాను. కారు చేతికి వచ్చిన వారంలోనే ఆ ర్యాంప్ మీద మళ్లీ రివర్స్‌లో ఎక్కించి, కొత్త క్లచ్‌లు ఎలా పట్టుకుంటున్నాయో రాస్తాను.