పుర్రచేతి పిల్లకి ఒక కథ

ఆదివారం. పొద్దున్నే కరెంటు పోయి చట్నీ మిక్సీలో సగం నలిగి ఆగిపోయింది. అత్తయ్య రోలు గొప్పదనం గురించి మొదలుపెట్టారు. ఆవిడ ముగించేసరికి కరెంటు వచ్చేసింది.

రేపు చిన్ని వాళ్ళ క్లాసులో కథలు చెప్పే పోటీ. రెండో తరగతి పిల్లలు, ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. ‘నేను నాలాగే బాగున్నాను’ అనే అర్థం వచ్చే కథ కావాలట. ఆ సంగతి నిన్న రాత్రి పడుకోబోయే ముందు వాట్సాప్ గ్రూపులో పెట్టారు, ఎప్పటిలాగే.

మా చిన్నిది పుర్రచేయి. రాత ఎడమచేత్తో, అన్నం కుడిచేత్తో అని ఇంట్లో ఒక ఒప్పందం కుదిరింది. అత్తయ్యకి అది ఇంకా పూర్తిగా మింగుడు పడలేదు. ప్రసాదం పెట్టేటప్పుడు “ఆ చెయ్యి కాదే తల్లీ” అంటారు. అది గబుక్కున చెయ్యి మార్చేస్తుంది. ఆ గబుక్కున మార్చడం చూసినప్పుడల్లా నాకు ఏదోలా ఉంటుంది. అందుకే కథ వెతికే పని కాస్త సీరియస్‌గానే తీసుకున్నాను.

ముందు అందరికీ తెలిసిన అనాకారి బాతుపిల్ల కథే చెప్పాను. హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ 1843లో రాసిన కథ. డెన్మార్క్‌లోని ఓడెన్సె ఊళ్ళో చెప్పులు కుట్టే ఆయన కొడుకు. పొడుగ్గా, ఎముకల గూడులా ఉండేవాడనీ, చిన్నప్పుడు తోటి పిల్లలు ఏడిపించేవారనీ చదివాను. కథలో ఆ బాధంతా ఉంది, చలికాలంలో నీళ్ళు గడ్డకట్టి పిల్ల అందులో ఇరుక్కుపోయే చోట నా గొంతే మారిపోయింది. కానీ ఈసారి చెబుతుంటే ఒక పేచీ కనిపించింది. అది అసలు బాతే కాదు, హంస. కాస్త ఓపిక పట్టింది, రెక్కలొచ్చాయి, అందగత్తె అయింది. దాన్ని పొడిచిన బాతులూ కోళ్ళూ ఎక్కడివక్కడే ఉన్నాయి, వాటికి ఒక్క మాటా పడలేదు. మరి నిజంగానే అనాకారిగా పుట్టిన బాతుపిల్ల సంగతేమిటి? పెద్దయ్యాక కూడా బాతుగానే ఉండిపోతే?

వాలుకుర్చీలోంచి అత్తయ్య అందుకున్నారు. “మన దగ్గర లేవా కథలు? అష్టావక్రుడి కథ చెప్పు.” చెప్పు అన్నారు గానీ నన్ను చెప్పనివ్వలేదు. నిజానికి ఆవిడ చెబితేనే బాగుంటుంది. తల్లి కడుపులో ఉండగానే తండ్రి కహోడుడి వల్లింపులో తప్పు పట్టడం, ఆయన కోపంతో శపించడం, ఎనిమిది వంకరలతో పుట్టడం. పన్నెండేళ్ళ పిల్లాడు జనకుడి యాగశాలకి వెళ్ళి, తండ్రిని వాదంలో ఓడించి నీళ్ళలో ముంచేయించిన వంది అనే పండితుణ్ణి ఓడించడం. చిన్ని నోరు తెరుచుకుని విన్నది. సభలో నవ్విన పండితులకి అష్టావక్రుడు ఇచ్చిన జవాబంటూ జనం చెప్పుకునే మాట ఒకటి ఉంది కదా, చర్మం చూసి వెల కట్టేవాళ్ళని. దాన్ని ఒక కులం పేరుతో కలిపి చెప్పడం అలవాటు. అక్కడ నేను మధ్యలో దూరి “తోలు బేరగాళ్ళు” అనేశాను. ఒంటి వంకరని వెక్కిరించినందుకు జవాబుగా కులవృత్తిని వెక్కిరించడం నాకు ఎప్పుడూ మింగుడు పడలేదు. అత్తయ్య ఒక చూపు చూసి సాగిపోయారు.

ముగింపు దగ్గర మళ్ళీ అదే పేచీ. నీళ్ళలోంచి తిరిగొచ్చిన తండ్రి మాట మీద సమంగ అనే నదిలో మునిగాడు, వంకరలన్నీ పోయాయి. “చూశావా, ఎంత చక్కగా అయిపోయాడో!” అన్నారు అత్తయ్య. వంకర ఒంటితోనే సభనంతా గెలిచినవాణ్ణి మళ్ళీ నిటారు చెయ్యాల్సిన అవసరం ఏమొచ్చింది? చిన్ని “ఆ నది ఎక్కడుంది నానమ్మా?” అని అడిగింది. నేను స్నానానికి లెమ్మన్నాను.

మధ్యాహ్నం దొండకాయలు తరుగుతూ ఫెర్డినాండ్ అనే గిత్త కథ చెప్పాను. 1936లో అమెరికాలో వచ్చిన పుస్తకం, మన్రో లీఫ్ రాసింది. స్పెయిన్‌లో ఒక కోడెదూడ, మిగతావన్నీ కుమ్ముకుంటుంటే అది మాత్రం చెట్టు కింద కూర్చుని పూల వాసన చూస్తుంటుంది. తల్లి ఆవు కాస్త బెంగపడుతుంది, వాడికి బాగానే ఉంది కదా అని వదిలేస్తుంది. (ఆ ఆవు మీద నాకు గౌరవం.) ఎడ్లపోరుకి మాడ్రిడ్ తీసుకెళితే అక్కడా మైదానం మధ్యలో కూర్చుని ఆడవాళ్ళ తలలోని పూల వాసన చూస్తుంది. చివరికి విసిగిపోయి ఇంటికి పంపించేస్తారు. అది మారదు, గెలవదు, ఎవరికీ పనికిరాదు. ఇంత చిన్న కథని ఫ్రాంకో కాలంలో స్పెయిన్‌లో నిషేధించారంటే దానిలో ఏదో ఉన్నట్టే. అత్తయ్య మాత్రం పడీపడీ నవ్వారు. ఆవిడ పుట్టిల్లు ఒంగోలు పక్క పల్లె. “మా నాన్న గిత్త అలా కూర్చుంటే బండ ఎవరు లాగుతారే?” అన్నారు.

సాయంత్రం బీరువాలోంచి ‘రైలుబడి’ తీశాను. జపాన్ రచయిత్రి తెత్సుకో కురొయనాగి తన చిన్ననాటి తొమోయె బడి గురించి 1981లో రాసిన పుస్తకం. అందులో ఆటలపోటీల రోజు ఉంటుంది. తకహాషి అనే పిల్లాడికి కాళ్ళూ చేతులూ పొట్టి, ఎత్తు పెరగడు. ఆ రోజు పోటీలన్నీ వాడే గెలుస్తాడు. గుడ్డతో చేసిన పెద్ద చేప పొట్టలోంచి పాక్కుంటూ బయటికి రావాలి, మెట్లు ఎక్కి దిగాలి, అన్నీ పొట్టిగా ఉన్నవాడికి కలిసొచ్చే ఆటలే. అలాంటి ఆటల్ని కూర్చింది హెడ్మాస్టరు కొబయాషి. నాకు కావలసిన కథ ఇదే అనిపించింది. పిల్లవాడికి ఓపిక పట్టమని చెప్పలేదు, ఏ నదిలోనూ ముంచలేదు. ఆటనే మార్చాడు.

చిన్ని టీచర్ కూడా ఇలాంటి పని ఒకటి చేసింది, దానికి పేరేమీ పెట్టకుండా. చిన్నిని బెంచీకి ఎడమ చివర కూర్చోబెట్టింది. అప్పటినుంచి పక్కపిల్ల మోచేయి తగలడం, రాత కొట్టివేతలు, ఏడుపులు అన్నీ ఆగిపోయాయి. “నువ్వు స్పెషల్” అని ఎవరూ దానికి చెప్పలేదు. రాసుకోవడానికి చోటు దొరికింది, అంతే.

తొమోయె బడి పోటీల్లో బహుమతులు కూరగాయలని, మొదటి బహుమతి పే...ద్ద ముల్లంగి అని చెప్పగానే మా పిల్లకి ఆసక్తి పోయింది. “గెలిస్తే ముల్లంగి సాంబారు తినాలా?”

చివరికి అది ఎంచుకున్నది నీలి నక్క కథ. రంగుల తొట్లో పడి నీలంగా మారి, అడవికి రాజై, మిగతా నక్కలు ఊళ పెడితే ఉండబట్టలేక తనూ ఊళ పెట్టి దొరికిపోయేది. కారణం ఒక్కటే, స్టేజి మీద ఊళ పెట్టొచ్చు. పులులూ సింహాలూ దాన్ని చంపేస్తాయన్న ముగింపు దానికి నచ్చలేదు, “పారిపోయి వేరే నక్కలతో కలిసి ఊళ పెట్టుకుంటుంది” అని మార్చేసింది. పంచతంత్రాన్ని అలా మార్చకూడదని అత్తయ్య వాదించారు, తర్వాత ఊళ ఎలా పెట్టాలో తనే నేర్పించడం మొదలుపెట్టారు. కింద ఫ్లాటు ఆవిడ రెండుసార్లు ఫోన్ చేసింది.